కాలువ మలుపులో నిలబడే మనిషి

ఎస్తేరమ్మ మేడమ్ పరమపదించారన్న వార్త ఆదివారం ఆరాధన ముగిసే వేళ బళ్లారి బ్రూస్‌పేటలోని ఆమె ఇంటి నుంచి ఫోనులో వచ్చింది. నమ్మలేదు. ముందురోజు సాయంత్రమే నాతో పోట్లాడి, "కాలువకు నీళ్లు ఇడవనీ, ఇద్దరం పోయి చూద్దాం పోప్పా" అని ఫోను పెట్టేసిన మనిషి. సమాధి మీద మన్ను వేస్తున్నప్పుడు కూడా నేను ఆ పోట్లాటకు జవాబే వెతుక్కుంటున్నాను.

బళ్లారి కళాశాలలో మా తరాలకు గణితం బోధించిన ఆ విదుషీమణి అసలు వ్యాసంగం సంక్షుభిత ప్రవాహాల గణిత నమూనాలు. సుళ్లు తిరుగుతూ పారే నీటి నడకను సమీకరణాల్లో పట్టుకోవడమన్న మాట. ప్రతి సుడినీ వెంబడించడం అసాధ్యం గనుక సగటు తీస్తారు. తీసినప్పుడల్లా తెలియని రాశి ఏదో ఒకటి అదనంగా మిగిలిపోతుంది. దాని స్థానంలో మనిషి తన ఊహను నిలపాలి. ఆ ఊహ విషయంలో ఆమె పరమ కఠినురాలు. ఒక పరిశోధక విద్యార్థి కంప్యూటర్లో రంగురంగుల సుళ్లు చూపించి మురిసిపోతుంటే, "బొమ్మ బాగుండాది. నీళ్లను అడిగినావా?" అన్నారు. వాడి ముఖం చూడాలి!

నీళ్లను అడగడమంటే కప్పగల్లు దగ్గరి కాలువకు పోవడం. ఒకప్పటి శిష్యుణ్ణి, ఆ తర్వాత ఆమె పరిశోధనలో తోడైన నేను వరిపొట్టు సంచితో వంతెన మీద, ఆమె కొంగు బిగించి దిగువ మలుపులో. "ఇడువప్పా!" అని కేక వేయగానే గుప్పెడు పొట్టు వదలాలి. అది ఎక్కడ తిరిగిందో ఆమె చూస్తారు. నేను తొందరపడి ఏదైనా అంటే, "సుమ్నే, ఊరికే ఉండప్పా, నీళ్లు చెప్పనీ" అని కసిరేవారు. దారిన పోయే రైతులు "ఏంది మేడమ్మా, కాలువకు మేత వేస్తాండారా?" అంటే మాత్రం తానూ నవ్వేవారు.

ఆమె పెళ్లి చేసుకోలేదు. పొరుగావిడ ఒకసారి "ఒక్కదానివే ఎట్లుంటావమ్మా?" అని అడిగితే, "సగటు తీస్తే ఎవరో ఒకరు మిగలాల గదక్కా" అన్నారు. ఆవిడకేం అర్థమైందో గానీ అక్కడే టీ తాగుతున్న నాకు అర్థమైంది. నేనూ అలా మిగిలినవాణ్ణే.

మా చివరి పోట్లాట ఆ మలుపు గురించే. మేమిద్దరం కలిసి కట్టిన నమూనా ప్రకారం సుడి మలుపు దాటగానే ఆగిపోవాలి. కిందటిసారి నీళ్లున్నప్పుడు చూస్తే పొట్టు ఇంకా దిగువకు పోయి తిరిగింది. ఆ రోజు గాలి ఎక్కువని నేను, మన ఊహే తప్పని ఆమె.

మొన్న కాలువకు నీళ్లు వదిలారు. సంచి పట్టుకుని వెళ్లాను. వంతెన మీద కాసేపు కేక కోసం ఎదురుచూశాను, అలవాటు కొద్దీ. తర్వాత నేనే పొట్టు వదిలి గట్టు వెంట పరుగెత్తాను. మలుపు చేరేసరికి అది వెళ్లిపోయింది. మళ్లీ వదిలాను, మళ్లీ అంతే. ఆ పనికి ఇద్దరు కావాలి.

అంతటి నిష్ఠ, అంతటి సత్యసంధత ఈ జిల్లా మరొకరిలో చూస్తుందో లేదో నాకు తెలియదు. ఆ మలుపులో నిలబడే మనిషి మాత్రం నాకిక దొరకరు. పొట్టు అంటిన చేతులతోనే ఆ చోటికి నమస్కరించాను.

మేడమ్, మొన్న గాలి లేదు. తప్పెవరిదో చూసి చెప్పడానికి మీరే లేరు.