రాజరత్నం గారు తేల్చని బొగ్గు

మా రాజరత్నం గారు ఏ ప్రశ్నకీ అవుననరు, కాదనరు. "ఇప్పుడే చెప్పలేం అండి" అంటారు. భూమిలో బొగ్గు ఉందో లేదో చూసి చెప్పడమే ఆయన ఉద్యోగం.

ఓసారి రాజమండ్రిలో వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. వాళ్ళావిడ రెబెక్కా గారు, "పులుసులో ఉప్పు సరిపోయిందా?" అని అడిగారు. ఆయన ఒక ముద్ద తిని ఆలోచించి, "ఒక్కచోట చూసి ఎలా చెప్తాం? కంచం అటుపక్క కూడా తినాలి" అన్నారు.

ఆవిడ నాకేసి తిరిగి, "పెళ్ళిచూపుల్లో అమ్మాయి నచ్చిందా అని మా నాన్నగారు అడిగినా ఇదే మాటండి. ఇప్పటిదాకా రిపోర్టు రాలేదు" అన్నారు.

పోయిన ఏడాది మెట్ట ప్రాంతంలో ఓ ఊరి పక్కన డ్రిల్లింగ్ మొదలుపెట్టాం. నేను ఆయనకి అసిస్టెంటుని. నేల లోపల్నుంచి కడ్డీల్లా రాతిముక్కలు పైకి తీసి, పెట్టెల్లో వరసగా పేర్చి చూస్తాం. ఒకరోజు నల్లముక్క వచ్చింది. సాయంత్రానికి ఊరు ఊరంతా మా డ్రిల్లింగ్ రిగ్గు చుట్టూ ఉంది.

"బొగ్గేనా అండి?"

"ఇప్పుడే చెప్పలేం అండి. నల్లగా ఉన్నదల్లా బొగ్గు కాదు. బొగ్గయినా పనికొస్తుందనీ లేదు."

దాంతో ఊరికి నిద్ర పట్టలేదు. బొగ్గుంటే గని వస్తుంది, గనొస్తే ఊరు లేచిపోతుంది. సగం కట్టిన గోడలు సగంలోనే ఆగాయి. దీనమ్మ గారు తన ఎకరంలో వేద్దామని తెచ్చుకున్న ఆయిల్‌పామ్ మొక్కలు చూరు కింద సంచుల్లోనే వడలిపోతున్నాయి. కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది. అప్పటికి ఊరుంటుందో లేదో. ఆవిడ రోజూ పొద్దున్నే రిగ్గు దగ్గరికొచ్చేది.

"పాతమంటారా బాబుగారూ?"

"ఇప్పుడే చెప్పలేం అమ్మా."

ఆవిడ తల దించుకుని వెళ్ళిపోయేది.

ఇంతలో, గనొస్తే సర్కారు ఇచ్చే నష్టపరిహారం మీద కన్నేసి గణేష్‌బాబు అనే భూముల బ్రోకరు దిగాడు. "రేపు మీకు దక్కేదేమీ ఉండదు, ఇప్పుడే సగం ధరకి ఇచ్చేయండి" అని ఇల్లిల్లూ తిరిగాడు. భయానికి చాలామంది ఒప్పుకున్నారు. దీనమ్మ గారూ ఒప్పుకుంది. అగ్రిమెంట్లకి ముందు అతను పూతరేకుల పెట్టెతో మా క్యాంపుకొచ్చి, గొంతు తగ్గించాడు.

"మనలో మాట. ఉన్నట్టేనా అండి?"

"చెప్పలేం అండి. ఉండొచ్చు. ఉన్నా లోతుగా ఉండొచ్చు. తవ్వితే నీళ్ళు పడొచ్చు. నీళ్ళు తోడినా, కాల్చాక బూడిదే ఎక్కువ మిగలొచ్చు. అది తక్కువైనా, మొయ్యడానికి రైలుమార్గం కావాలి. అదయ్యేలోగా దేశం ఎండతోనే కరెంటు చేసుకోవచ్చు. అప్పుడు మీకు మిగిలేది పొలం. వ్యవసాయం వచ్చా అండి మీకు?"

గణేష్‌బాబు టీ సగంలో వదిలేసి కారెక్కాడు. అగ్రిమెంట్లు ఆగిపోయాయి.

"కావాలనే భయపెట్టారా?" అని అడిగాను.

"ఉన్న అనుమానాలే చెప్పానయ్యా. వెనక ఓ ఊళ్ళో మాతో పనిచేసినాయన తొందరపడి 'ఉంది' అనేశాడు. జనం పొలాలన్నీ తెగనమ్ముకున్నారు. తీరా చూస్తే అక్కడేం లేదు. మనకి నోరు జారడమే. వాళ్ళకి ఊరు జారిపోయింది."

మర్నాడు దీనమ్మ గారు మరీ దిగులుగా వచ్చింది. "బ్రోకరు కూడా వద్దన్నాడు బాబుగారూ. ఇంక మా గతేంటి?"

అప్పటికి చుట్టుపక్కల బోర్లన్నీ పూర్తయ్యాయి. బొగ్గు ఉంది గానీ పలచగా, అందనంత లోతులో ఉందని మా ఇద్దరికీ తెలుసు. రిపోర్టు పైకి వెళ్ళేదాకా ఎవరికీ చెప్పకూడదు.

"మొక్కలెక్కడున్నాయమ్మా?" అన్నారాయన.

రాజరత్నం గారు పలుగు భుజాన వేసుకుని ఆవిడ పొలానికి నడిచారు. వీధి వీధంతా వెనకే వచ్చింది. ప్యాంటు మడిచి, చెమటలు కక్కుతూ గొయ్యి తవ్వి, మొక్క పెట్టి, మన్ను కప్పారు.

"అంటే ఊరుంటుందనా అండి?" అని ఎవరో అడిగారు.

ఆయన చేతులు దులుపుకున్నారు. "నీళ్ళు మరీ ఎక్కువ పొయ్యకండమ్మా, వేరు కుళ్ళిపోతుంది."

ఆ మధ్యాహ్నానికి ఊళ్ళో ఖాళీగా ఒక్క పలుగు లేదు. మా రిగ్గు మీదవి కూడా అడిగి పట్టుకెళ్ళారు.