గోడ మీద ఉద్యోగం

ఆయిల్ పెయింట్ మీద సున్నం నిలవదు. బోర్డులు రాసి బతికే బ్రష్షు మామకు ఆ మాట ఇంకొకరు చెప్పక్కర్లేదు. అయినా ఉద్యమం రోజుల్లో వానకు కారిపోయే రంగు వాడటానికి ఆయనకు మనసొప్పలేదు. షాపుల బోర్డుల కోసం దాచుకున్న ఎర్ర ఆయిల్ పెయింట్ తీసి, పెద్దాఫీసు ప్రహరీ మీద మనిషెత్తు అక్షరాలు రాశాడు: "మన రాష్ట్రం వస్తే మన పిల్లలకు ఉద్యోగాలు." ఇంజనీరింగ్ చదువుతున్న కొడుకు చేత నిచ్చెన పట్టించాడు కూడా.

రాష్ట్రం వచ్చింది. మిఠాయిలు పంచారు, దండలు వేసుకున్నారు. ఉద్యోగాల మాటెత్తితే మాత్రం, పాత ఉద్యోగుల్లో ఎవరు ఏ రాష్ట్రానికో తేలాలి, ఆ తర్వాతే కొత్తవాళ్లు అన్నారు. అది తేలదు, ఇది కదలదు. కొడుకు చదువు ముగించుకుని ఇంట్లో గోళ్లు గిల్లుకుంటున్నాడు. పోనీ మామకైనా పనుందా అంటే, ఇప్పుడు బోర్డులన్నీ మిషన్లో అచ్చేసే ఫ్లెక్సీలే. పైగా వీధి కుర్రాళ్లు, "మామా, నీ గోడ మీది ఉద్యోగం ఎవరికిచ్చావు?" అని వేళాకోళం. ఒళ్లు మండదా మరి!

అంతలో ఆ ఆఫీసుకు మంత్రిగారు వస్తున్నారని కబురు. కాంట్రాక్టర్ మామను పిలిపించాడు.

"ఆ రాత ఆనవాలు కూడా కనపడకూడదు. మీవాడు ఖాళీగానే ఉన్నాడుగా? పని నచ్చితే వాడికి నా దగ్గర ఉద్యోగమిస్తా."

మామ ఎగిరి గంతేసినంత పనిచేసి, ఆ సంబరంలో తనకు తెలిసిందే మరిచి సున్నం వేశాడు. ఆరగానే పెచ్చులూడి 'పిల్లలకు' అని ఎర్రగా బయటపడింది. మళ్లీ వేశాడు, మళ్లీ అంతే. చివరికి ఇనప బ్రష్షు పట్టి గీకడం మొదలుపెట్టాడు. భుజాలు పడిపోతున్నాయి. అంత మంచి రంగు ఎందుకు వేశానా అని తనను తానే తిట్టుకున్నాడు. కొడుకు చూడలేక వచ్చి, బ్రష్షు లాక్కుని, పళ్లు బిగించి మిగతాదంతా గీకాడు.

సాయంత్రం కాంట్రాక్టర్ గోడ తడిమి చూశాడు. "మీవాడి చెయ్యి గట్టిదే. రేపటి నుంచి పనిలోకి రమ్మను."

"ఏం పని సార్?" మామ గొంతులో ఆశ.

"ఇదేనయ్యా. మంత్రిగారు తిరిగే దారిలో ఇలాంటి రాతలన్నీ గీకెయ్యాలి."

ఆయన వెళ్లాక కొడుకు అడిగాడు, "ఇంకా ఎన్ని గోడల మీద రాశావు నాన్నా?"

"ఖాళీగా కనపడ్డ ఏ గోడనీ వదల్లేదురా," అన్నాడు మామ.