ఒకే దొడ్డిలో పొట్టేళ్లు

పరిశోధనా కేంద్రంలో ఆమెను ఎదురుగా మేడమ్ అంటారు, వెనక కవలలమ్మ అంటారు. ఈతకు ఒక్క పిల్లను వేసే గొర్రెల్లోంచి ఏరి ఏరి, కవలల్ని ఈనే మందను తయారుచేసింది ఆమే. పెళ్లైన కొత్తలో మొదలుపెట్టిన పని అది. ఎదకొచ్చిన గొర్రెను కనిపెట్టడం, వీర్యం ఎక్కించడం, ఈనేదాకా కళ్లల్లో వత్తులేసుకుని చూడటం. ఇన్నేళ్లలో జుట్టు సగం తెల్లబడింది. కోపం మాత్రం ముక్కుమీదే ఉండిపోయింది.

ఆ మందను ఎత్తేస్తున్నామని డైరెక్టర్ కబురు పంపాడు. మాంసం విభాగం పరీక్షలో ఆమె పొట్టేళ్ల మాంసం నల్లగా, గట్టిగా తేలిందట. ఎన్ని పిల్లల్ని వేస్తే ఏం లాభం, తినేవాడు ఊసేస్తే, అన్నాడట.

మాంసం విభాగం చూసేది ఆమె మరిదే. ఉండేది ఆమె ఇంటి మేడమీదే. చదువుకునే రోజుల్లో వాడికి పాఠాలు చెప్పి ఈ దారి పట్టించింది కూడా ఆమే.

ఆమె విసురుగా ల్యాబులోకి వెళ్లింది.

"వదినా, కాస్త ఆ ఏప్రన్ వేసుకో."

"నా మందనంతా కోసి పెట్టావు, ఇప్పుడు నా బట్టలకు మరకంటుతుందని బాధా? తియ్, చూద్దాం."

మరిది చల్లటి గదిలోంచి రెండు ట్రేలు తెచ్చి స్టీలు బల్లమీద పెట్టాడు. పోలిక కోసం వేరే మంద నుంచి కొన్న పొట్టేళ్ల మాంసం ఎర్రగా ఉంది. ఆమెవి గడ్డకట్టిన నెత్తురులా ఉన్నాయి. వేలితో నొక్కింది. జిగటగా అంటుకుంది.

ఇలాంటి మాంసం ఆమె ఎరుగును. చచ్చేముందు ఒంట్లో సత్తువంతా ఊడ్చుకుపోయిన జంతువుది ఇది. దీనికి జాతితో పని లేదు.

"కోసే ముందు రోజు వీటిని ఎక్కడ ఉంచావురా?"

"కోతశాల దొడ్డిలో."

"అన్నింటినీ కలిపా?"

"మిగతా దొడ్లు ఆ రోజు కడుగుతున్నారు వదినా. ఒక్కటే ఖాళీగా ఉంది."

"నావి ఒక్కో తండ్రి బిడ్డలు ఒక్కో దొడ్డిలో పెరిగాయి. ఒకదాని మొహం ఒకటెరగదు. పొట్టేళ్లను అలా కలిపితే ఏం చేస్తాయి, కుశలప్రశ్నలడుగుతాయా?"

కొన్న పొట్టేళ్లు కలిసి పెరిగినవి. అవి ఆ రాత్రి కోతశాల బయట షెడ్డులో హాయిగా పడుకుని నెమరేశాయి.

మరిది చేతితొడుగు వేళ్లు లాక్కుంటూ నిలబడ్డాడు. "తెల్లారేదాకా కుమ్ముకున్నాయని కాపలా అతను పొద్దున చెప్పాడు. అప్పటికే అంతా సిద్ధం చేసేశాం."

"అంటే, తెలిసే తప్పు నా జాతిదని రాశావు."

ఆమె ట్రేను తోసిన తోపుకి అది బల్ల అంచుదాకా జారింది.

భోజనాల దగ్గర అత్తగారు అందుకుంది. "చిన్నాడికి ప్రమోషన్ వచ్చే వేళ, గొర్రెల కోసం వాడి నోట్లో మట్టి కొడతావటే?"

"కొట్టింది ఎవరో వాణ్నే అడగండత్తయ్యా." భర్త వైపు తిరిగింది. "మీరేమంటారు?"

"నేనేమంటాను, ఇద్దరూ నావాళ్లేగా."

"అనండి. గోడమీద పిల్లికి కూడా ఎప్పుడో ఒకప్పుడు కాళ్లు లాగుతాయి."

మరిది బతిమాలుతున్నట్టు నవ్వాడు. "ఈసారికి వదిలెయ్ వదినా. పోతే ఇంకో మంద తయారుచేస్తావు. నీ చేతి చలవ నాకు తెలీదా?"

"ఇంకో జన్మెత్తి చెయ్యమంటావా?" కంచం నెట్టేసి లేచింది.

మర్నాడు డైరెక్టర్ ఎదుట అంతా చెప్పేసింది. డైరెక్టర్ మరిదిని అడిగాడు. వాడు వదిన మొహం చూసి, నిజమే సార్ అన్నాడు.

"మాటలతో నాకు పనిలేదు. మళ్లీ కోసి చూపించండి. ఎర్రగా వస్తే మంద ఉంటుంది."

మిగిలినవన్నీ విత్తనానికి అట్టేపెట్టిన పొట్టేళ్లే. కలిసి పెరిగినవే కలిసి వెళ్లాలంటే, ఒక దొడ్డిని మొత్తంగా ఇచ్చుకోవాలి. మందను నిలబెట్టుకోవడానికి ఒక తండ్రి వంశాన్ని ఆమె తన చేత్తోనే తుడిచేయాలి.

ఆ సాయంత్రం దొడ్ల దగ్గర ఎంతోసేపు నిలబడి, చివరికి మూలదాని గడియ మీద చెయ్యేసింది. పొట్టేళ్లు దాణా అనుకుని ఆమె చేతుల్లోకి మూతులు దూర్చాయి.

"ఇవేనా వదినా? గుర్తులు నేను పెట్టనా?" మరిది రంగుకడ్డీ పట్టుకుని లోపలికి అడుగేశాడు.

ఆమెకు అరవాలనిపించింది. వాడి చొక్కా పట్టుకుని, ఇంటిల్లిపాదీ వినేలా, ఇన్నేళ్లదీ కలిపి అరవాలనిపించింది. అరిస్తే ఇవి బెదురుతాయి. బెదిరితే మాంసం మళ్లీ నల్లబడుతుంది.

"బయటికి నడువు," అంది పళ్లబిగువున, చెవిలో చెబుతున్నంత మెల్లగా. "గేటు చప్పుడు కానివ్వకు. తోలకు. వాటంతటవే నా వెంట వస్తాయి."