హైమావతి తలుపు తోసింది

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే మధ్యలో అడ్డం పడి ఏడిపించేదాన్ని. అందుకే ఇది చెప్పాలంటే కాస్త మొహమాటంగా ఉంది. పైగా ఇందులో దయ్యం కూడా లేదు. ఉన్నదల్లా ఒక పాత సస్పెన్స్ నవల, అందులో నాకు బొత్తిగా నచ్చని ఒక ఆడమనిషి.

నేను వసంత్ కుంజ్‌లో ఒంటరిగా ఉంటాను. ఉద్యోగం గుర్‌గావ్‌లో. నా అన్నవాళ్లు ఎవరయ్యా అంటే మా అక్క ఒక్కతే. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. మొన్న చలికాలంలో తెనాలి నుంచి వచ్చి కొన్నాళ్లు నా దగ్గరుంది. వస్తూ వస్తూ ఊరగాయలతో పాటు ఆ నవల కూడా తెచ్చింది. అట్ట ఎప్పుడో ఊడిపోయింది. పేరేమిటో, రాసిందెవరో తనకీ తెలియదు. చిన్నప్పటి నుంచి మళ్లీ మళ్లీ చదువుతూనే ఉందట.

"ఆ హైమావతిని తిట్టుకోవడానికైనా చదవాలే" అంటూ నా చేతిలో పెట్టింది.

హైమావతే ఆ నవలకి ముఖ్యపాత్ర. అంత చిరాకు తెప్పించే మనిషిని నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. ఎవరి మాటా నమ్మదు. చెప్పిందే మళ్లీ చెప్పిస్తుంది. మూసిన తలుపు కనిపిస్తే చెవి ఆనిస్తుంది. తోటికోడలు నవ్వితే, ఎందుకు నవ్విందా అని అన్నం మానేసి ఆలోచిస్తుంది. వారమంతా ఆఫీసులో ఇలాంటి వాళ్లతో వేగి, ఆదివారం కూడా ఇదేనా అనుకున్నాను. అయినా పుస్తకం వదల్లేదు. ఈవిడ పొగరు ఎప్పుడు అణుగుతుందా అని చదివాను.

అప్పటికి మా ఇంట్లో గీజర్ పాడైంది. పని చేసే కమలా దీదీ అటక మీంచి పాత కరెంటు రాడ్ దింపింది. బకెట్ నీళ్లలో వేలాడదీసి స్విచ్ వేస్తే నీళ్లు కాగుతాయి. స్విచ్ బాత్‌రూమ్ బయట, నడవాలో ఉంది. అది ఆపకుండా నీళ్లలో చెయ్యి పెడితే ఇక అంతే సంగతులు. ఆ మాట అక్కకీ చెప్పాను, దీదీకీ చెప్పాను.

అక్కకి హిందీ రాదు, దీదీకి తెలుగు రాదు. అయినా ఇద్దరూ పొద్దస్తమానం కబుర్లే. ఈమె తెలుగులో అడుగుతుంది, ఆమె హిందీలో చెబుతుంది. నాకు భలే సరదాగా ఉండేది.

ఆ ఆదివారం బాల్కనీలో ఎండకి కూర్చుని, చాయ్ తాగుతూ నవల చదువుతున్నాను. బాత్‌రూమ్‌లోంచి అక్క కేకేసింది.

"చాలు!"

"హాఁ జీ, చాలూ హై!" అంది దీదీ నడవాలోంచి.

రెండూ నాకు వినపడ్డాయి. విని ఊరుకున్నాను. అందులో అనుమానించడానికి ఏముంది?

పేజీ తిప్పాను. హైమావతి మేడమెట్లు దిగుతోంది. మూసి ఉన్న గదిలోంచి తోటికోడలి గొంతు వినిపించింది, "చాలు" అని. వెంటనే ఇంకో గొంతు, అది కూడా "చాలు" అనే. హైమావతి ఆగిపోయింది. ఇద్దరూ ఒకే మాట అన్నంత మాత్రాన ఇద్దరి ఉద్దేశమూ ఒకటేనని ఆమెకి నమ్మకం కుదరలేదు. వెనక్కి తిరిగింది. ఎవరేమనుకుంటారోనని చూడకుండా తలుపు తోసింది.

ఇది నేను కళ్లారా చదివాను. "మళ్లీ మొదలెట్టింది మహాతల్లి" అని విసుక్కున్నాను కూడా. విసుక్కుంటూ ఉండగానే, ఇందాక విన్న రెండు కేకలూ గుర్తొచ్చాయి.

మనకి చాలు అంటే ఇక ఆపమని. హిందీలో చాలూ అంటే ఆన్‌లో ఉందని. అక్క ఆపమంది. దీదీ ఆన్‌లోనే ఉందని చెప్పింది. అది విని అక్క, ఆపేసిందనుకుంది.

గ్లాసు ఎక్కడ పడేశానో తెలియదు. పరిగెత్తి స్విచ్ ఆపి, తలుపు తోశాను. అక్క జుట్టు ముడేసుకుని బకెట్ మీదికి వంగి ఉంది. చెయ్యి నీళ్లకి జానెడు దూరంలో ఉంది.

"ఏంటే ఆ కంగారు? కమల ఆపేసిందిగా, తనే చాలు అని చెప్పింది" అంది.

ఆ తడి నేల మీదే కూలబడి, అక్క కాళ్లు పట్టుకుని ఏడ్చేశాను. సంగతి తెలిశాక దీదీ తల పట్టుకుంది. రాడ్ ఆన్‌లో ఉందా అని అక్క అడుగుతోందనుకుందట పాపం.

సాయంత్రం కాస్త తేరుకున్నాక, నిన్ను కాపాడింది హైమావతేనని అక్కతో అన్నాను. ఆ పేజీలో ఏముందో చెప్పాను. అక్క నా వంక వింతగా చూసింది.

"అది తలుపు తియ్యడమేంటే? తియ్యదు. తియ్యకపోబట్టేగా తోటికోడలు చచ్చిపోయింది!"

పుస్తకం తెచ్చి తెరిచాను. మెట్లున్నాయి. మూసిన గది ఉంది. లోపల్నుంచి "ఎవరైనా ఉన్నారా?" అని తోటికోడలు పిలుస్తుంది. హైమావతి విని, చప్పుడు కాకుండా మిగతా మెట్లు దిగి వెళ్లిపోతుంది. చాలు అన్న మాట ఆ పేజీలోనే లేదు. ముందూ వెనకా అన్ని పేజీలూ వెతికాను, ఎక్కడా లేదు. ఒక్క కాగితం కూడా చిరిగి లేదు.

ఎండకి కునుకు పట్టి ఉంటుందని ఆఫీసులో స్నేహితురాలు అంది. అప్పటికి నా చేతిలో చాయ్ ఇంకా వేడిగానే ఉందన్నాను. ఆ కేకలు విని నీ మనసే అలా కల్పించుకుని ఉంటుందని కూడా అంది. కావచ్చు. కానీ నా సంగతి నాకు తెలుసు. ఎవరు ఏం చెప్పినా సరే అనుకుని ఊరుకునే మనిషిని. విన్న మాటని నమ్మకుండా, ఆగి, వెనక్కి తిరిగి చూసే బుద్ధి నాది కాదు. అది ఆమెది.

అక్క నవల నా దగ్గరే వదిలేసి వెళ్లింది. మొన్న ఫోన్‌లో, పూర్తి చేశావా అని అడిగింది. చేశానన్నాను. "దాన్ని అనవసరంగా అన్నేళ్లు తిట్టానేమోనే" అంది.

ఇదంతా ఎలా జరిగిందంటే నేను చెప్పలేను. నవల చివర్లో ఇంటివాళ్లంతా హైమావతిని గుమ్మం బయట నిలబెడతారు. ఆ రోజు తలుపు తియ్యని మనిషికి ఈ ఇంట్లో చోటు లేదంటారు. అది చదువుతుంటే నాకు దుఃఖం ఆగలేదు. తీసిందని నాకు తెలుసు. కానీ ఆ మాట వాళ్లకి ఎలా చెప్పను?