తెగిన లేసు

మా కోచ్ పోయారన్న కబురు నాకు ఎయిర్‌పోర్ట్‌లో అందింది. జపాన్ నుంచి వస్తున్న వాళ్ళ అక్కగారి కోసం అట్టముక్క పట్టుకుని నిలబడి ఉన్నాను. అట్ట మీద ఆవిడ పేరు జపనీస్ అక్షరాల్లో రాసింది మా అమ్మాయి. ఫోన్‌లో చూసి, ముగ్గు వేసినట్టు ఒక్కో గీతా గీసింది. విమానం దిగిందని బోర్డు మీద పడిన కాసేపటికి తనే ఫోన్ చేసింది.

"అమ్మా, కోచ్ ఈజ్ గాన్. ఇప్పుడే. నేను హ్యాండ్ పట్టుకునే ఉన్నా. సిస్టర్ వచ్చిందా?"

వచ్చింది, లోపల ఇమిగ్రేషన్ లైన్‌లో ఉంటుంది, అన్నాను. ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇంకో గంట ఆగలేకపోయారా అని కోపం. వారం ముందు ఫోన్ చెయ్యనిచ్చి ఉంటే ఈపాటికి అక్కాచెల్లెళ్ళు ఒకే గదిలో ఉండేవారు కదా అని కోపం. పోయిన మనిషి మీద ఇంత కోపం ఏమిటని మీరు అనుకోవచ్చు. ఆవిడ ఎలాంటి మనిషో విన్నాక అనండి.

మాడు పగిలే ఎండ కాసే టెక్సస్‌లో ఐస్ స్కేటింగ్ ఏమిటని మావాళ్ళందరూ నవ్వారు. ఫ్రిస్కోలో మాల్‌ని ఆనుకుని ఒక రింక్ ఉంది. మా అమ్మాయి అక్కడ ఎవరిదో బర్త్‌డే పార్టీకి వెళ్ళి, కేక్ కోసినా మంచు మీంచి బయటికి రాలేదు. దాన్ని బతిమాలుతూ గట్టు దగ్గర నిలబడ్డప్పుడు కోచ్‌ని మొదటిసారి చూశాను. మడమల దాకా కోటు వేసుకున్న చిన్న మనిషి. మంచు మీద కాలు పెట్టబోతూ ఆగి, నడుం వంచి, తల దించారు. చెవిపోగు ఏదైనా పారేసుకున్నారేమో, వెతుకుతున్నారు అన్నాను.

"నో అమ్మా," అంది మా అమ్మాయి. "కూచిపూడి క్లాస్‌లో మేం ఫస్ట్ భూమికి నమస్కారం పెడతాం కదా. సేమ్ థింగ్."

కూచిపూడి అప్పటికే మానేసిన పిల్ల ఆ మాట అనేసరికి నాకు ముచ్చటేసింది. ఆ వారమే చేర్పించాను. అలా మొదలై, తొమ్మిదో క్లాసు దాకా స్కూల్ ముందు రింకు, స్కూల్ తరవాత రింకు. నేను కార్‌లో లాప్‌టాప్ పెట్టుకుని మీటింగులు చేసుకుంటూ ఆ గట్టుకే అతుక్కుపోయాను.

కోచ్ మాట్లాడే ఇంగ్లీషు చాలా తక్కువ. అది పిల్లలకు సరిపోయేది. "ఐస్ నోస్" అనేవారు. బద్ధకంగా మలుపు తిరిగితే అదొక్కటే మాట, మంచుకు తెలుస్తుంది అని. ఆవిడ కోటు జేబులో ఎప్పుడూ కొత్త లేసుల జత ఉండేది. ఇంకో జేబులో సముద్రపు నాచు చుట్టిన అన్నం ముద్ద. మధ్యాహ్నం గోడ వైపు తిరిగి తినేవారు, తినడం చూస్తే ఎవరికి ఇబ్బందో ఏమో! నేను పులిహోర పెట్టి ఇస్తే రెండు చేతులతో అందుకుని, డబ్బా మర్నాటికి కడిగి, ఉత్తది ఇవ్వకూడదని అందులో ఒక నారింజ పెట్టి తిరిగి ఇచ్చేవారు. మా అమ్మమ్మ కూడా ఉత్త గిన్నె తిప్పి పంపేది కాదు.

ఒకసారి ఓక్లహోమాలో పోటీ. మా అమ్మాయి బయల్దేరి ఒక దూకు దూకగానే కుడి బూటు లేసు తెగింది. పిల్ల అలాగే సాగిపోతోంది, ముఖం పాలిపోయింది. గట్టు దగ్గర నిలబడ్డ కోచ్ అరచేత్తో చెక్క మీద దభీమని కొట్టారు. అంత చిన్న మనిషిలో అంత గొంతు ఉందని నాకు అప్పటిదాకా తెలీదు.

"స్టాప్! ఆస్క్!"

పిల్ల ఆగి, జడ్జి బల్ల దగ్గరికి వెళ్ళి బూటు చూపించింది. అలా అడిగితే సరిచేసుకోవడానికి కొద్దిసేపు టైమ్ ఇస్తారు, అది రూల్. కోచ్ జేబులోంచి కొత్త లేసు తీసి కట్టారు. మా అమ్మాయికి ఆ రోజు ఆఖరి స్థానం వచ్చింది. కోచ్ మాత్రం మెడల్ వచ్చినవాళ్ళకంటే సంతోషంగా, దాని చెంపలు రెండూ పట్టుకుని, "యూ ఆస్క్డ్! గుడ్ గర్ల్, యూ ఆస్క్డ్!" అని ఊపేశారు.

తిరుగు ప్రయాణంలో, నేను డ్రైవ్ చేస్తుంటే, ఆవిడ తన కథ చెప్పారు. అడిగి తెలుసుకున్నదాంతో కలిపి రాస్తున్నాను.

జపాన్ ఉత్తరాన మంచు ఎక్కువ పడే ఊరు వాళ్ళది. అమ్మానాన్నలు చేపల మార్కెట్లో పని. రింక్‌కి తీసుకెళ్ళేది అక్క. చెల్లెలికి స్కేటింగ్ వచ్చేసిందని తను మానేసిన అక్క. బూట్లు అక్కే కట్టేది, ప్రాక్టీసు అయ్యాక అక్కే విప్పేది. విప్పి, చల్లబడిపోయిన పాదాల్ని అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చబడేదాకా రుద్దేది. ఊరి పోటీలు, జిల్లా పోటీలు, తరవాత దేశం మొత్తానికీ జరిగే పోటీ. మొదటి రోజు అయ్యేసరికి కోచ్ రెండో స్థానంలో ఉన్నారు. రెండో రోజు నిలబడితే చాలు, దేశం తరఫున ప్రపంచ పోటీలకు వెళ్ళేవారు. ఆ రెండో రోజు, పాట మొదలైన కాసేపటికి, కుడి బూటు లేసు తెగింది.

"అప్పుడు రూల్ లేదా?" అన్నాను.

ఉంది. తెలుసు. హాలు నిండా జనం, టీవీ వాళ్ళు, గట్టు దగ్గర గురువుగారు. నా ఒక్కదాని కోసం ఇంతమందిని ఆపడమా, ఎంత ఇబ్బంది అనుకున్నారట. వదులు బూటుతో మూడు చుట్ల దూకు దూకారు. చీలమండ విరిగింది. విరిగిన కాలితోనే పాట పూర్తిచేసి, వంగి దండం పెట్టి బయటికొచ్చారు. మళ్ళీ పోటీల్లో దిగలేదు.

"ఎవ్రీబడీ ప్రెయిజ్," అన్నారు కిటికీలోంచి బయటికి చూస్తూ. "బ్రేవ్ గర్ల్, బ్రేవ్ గర్ల్. నోబడీ సే స్టుపిడ్. వన్ పర్సన్ స్కోల్డ్, బెటర్."

మా భాషలో దీన్ని మొహమాటం అంటారు కోచ్ అన్నాను. ఆవిడ ఆ మాటని నోట్లో వేసుకుని నాలుగైదుసార్లు తిప్పి చూశారు. మొహమాటానికి పోతే కడుపయిందట అనే సామెత కూడా అర్థం చెప్పాను. వెనక సీట్లోంచి మా అమ్మాయి "ఇయ్యూ, అమ్మా!" అని చెవులు మూసుకుంది. కోచ్ మాత్రం డాష్‌బోర్డ్ పట్టుకుని కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వారు. మర్నాటి నుంచి రింక్‌లో తెలుగు పిల్లలకీ చైనా పిల్లలకీ అందరికీ ఒకటే కేక, "నో మొహమాటం!"

కాలు అతికాక ఆవిడ అమెరికాకు వచ్చి ఐస్ షోల్లో చేరారు. ఊరూరా తిరుగుతూ ఎలుగుబంటి వేషంలో స్కేటింగ్ చేశారు. రాణి వేషం ఇస్తామన్నా వద్దన్నారట, ఎలుగుబంటికైతే ముఖం కనిపించదు కదా అని. ఆ షో మూతపడిన ఊరు డాలస్. అందుకే ఆ పక్కనే ఉన్న ఫ్రిస్కోలో మా పిల్లలకు కోచ్ దొరికారు.

ఈ వసంతంలో ఆ కోటు ఆవిడకు పెద్దదైపోయింది. అడిగితే "బ్యాక్ పెయిన్, లిటిల్" అన్నారు. మళ్ళీ అడిగాను, మళ్ళీ లిటిలే. నేను కసురుకున్నాను కూడా. ఒక శనివారం పొద్దున పాఠం మధ్యలో గట్టు పట్టుకుని మెల్లిగా మంచు మీద కూర్చుండిపోయారు. నేనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళాను. డాక్టర్ స్కాన్ చూసి, నాతో మాట్లాడేటప్పుడు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఆ కుర్చీ లాక్కోవడంతోనే నాకు అర్థమైంది. క్యాన్సర్, ఎప్పుడో మొదలైంది, నొప్పి చాలాకాలం నుంచి ఉండి ఉండాలి అన్నాడు.

మునిగేవాడికి గడ్డిపోచ ఆసరా అంటారు. నేను దొరికిన గడ్డిపోచనల్లా పట్టుకున్నాను. హ్యూస్టన్‌లో ఉన్న తెలుగు డాక్టర్లకు ఫోన్లు, వాళ్ళకు తెలిసిన డాక్టర్లకు ఫోన్లు, సెకండ్ ఒపీనియన్, థర్డ్ ఒపీనియన్. కొత్త మందు ట్రయల్‌లో పెట్టండని బతిమాలాను, ఆ మందు తట్టుకునే ఒళ్ళు కాదన్నారు. మొక్కని దేవుడు లేడు. ఆఫీస్ కాల్‌లో మ్యూట్ పెట్టి ఏడ్చేదాన్ని. కోచ్ మాత్రం సూది గుచ్చిన నర్సుకు సారీ చెప్పేవారు, నరం దొరకలేదని. సూది గుచ్చినవాళ్ళకు సారీ చెప్పే మనిషిని ఏం చెయ్యాలి చెప్పండి!

అక్కకు కబురు చేద్దాం అంటే ఒప్పుకోలేదు. అక్కకు మోకాళ్ళ నొప్పులు, దూరం ప్రయాణం, ట్రబుల్. ఎన్ని రోజులు అడిగినా ట్రబుల్. చివరికి ఇంటి దగ్గర చూసుకోలేక, ఆఖరి రోజులవాళ్ళని చూసుకునే హాస్పిస్‌లో చేర్పించిన రోజున నేను ఇక ఆగలేక అరిచాను.

"నో మొహమాటం, కోచ్!"

ఆవిడ గోడ వైపు తిరిగారు. తరవాత, ఎవరికీ చెప్పని సంగతి చెప్పారు. ఆ రోజు బూట్లు కట్టింది అక్క. తను ఆగి, జడ్జికి లేసు చూపించి ఉంటే హాలంతా అక్క వైపు చూసేది. అందుకని ఆగలేదు. అక్కకు ఆ సంగతి తెలుసు. తెలుసని చెల్లెలికి తెలుసు. ఇన్నేళ్ళుగా ఫోన్‌లో వాతావరణం గురించి, చేపల ధరల గురించి మాట్లాడుకున్నారు తప్ప ఆ లేసు గురించి ఒక్క మాట అనుకోలేదు. ఇప్పుడు రమ్మంటే, వచ్చి నా కాళ్ళే చూస్తుంది, అన్నారు.

మా అమ్మాయే మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. అమెరికాలో పుట్టిన పిల్ల, సుత్తి లేకుండా మాట్లాడుతుంది.

"కోచ్, ఇన్ ఓక్లహోమా, యూ స్టాప్డ్ మీ ఇన్ ఫ్రంట్ ఆఫ్ ఎవ్రీబడీ. ఐ వజ్ సో ఎంబరాస్డ్. బట్ ఐ ఆస్క్డ్. నౌ ఇట్స్ యువర్ టర్న్. స్టాప్. ఆస్క్."

కోచ్ కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారేమో అనుకున్నాం. కాసేపటికి చెయ్యి చాపి, "ఫోన్," అన్నారు.

ఆ ఫోన్‌లో ఏం మాట్లాడుకున్నారో మాకు అర్థం కాలేదు, భాష తెలీదు. అవతల ఒక ముసలి గొంతు ఒకే మాట మళ్ళీ మళ్ళీ అంటోంది, ఇవతల కోచ్ కూడా అదే మాట అంటున్నారు. దొరికిన మొదటి విమానానికి అక్కగారు టికెట్ తీసుకున్నారు.

మర్నాడు కోచ్ ఇంకొకటి అడిగారు. అడగడం అలవాటైందని మా ఆశ. ఇంట్లో ఉన్న తన స్కేటింగ్ బూట్లు తెమ్మన్నారు. నర్సు నడుం మీద చేతులు పెట్టుకుని, "నా దుప్పట్ల మీద కత్తులా!" అంది. మా అమ్మాయి బ్లేడ్లకు బట్ట తొడుగులు తొడిగి చూపించాక ఊరుకుంది. పిల్ల ఆ కాళ్ళకు బూట్లు తొడిగి లేసు కట్టింది. కాళ్ళు సన్నబడిపోయి బూట్లలో కదులుతున్నాయి.

"టైట్," అన్నారు కోచ్.

"ఇట్ విల్ హర్ట్, కోచ్."

"టైట్."

సాయంత్రం విప్పబోతే తల అడ్డంగా ఊపారు. "నో. సిస్టర్."

అక్కే వచ్చి విప్పాలి, అదీ సంగతి. నేను ఎయిర్‌పోర్ట్‌లో అట్టముక్కతో నిలబడ్డప్పుడు, అక్కడ కోచ్ ఆ బూట్లతోనే వెళ్ళిపోయారు. అక్కగారు తలుపుల్లోంచి బయటికి వచ్చారు. అదే ఎత్తు, అదే నడక, చేతిలో చిన్న సంచీ. మాట అనువదించే యాప్ ఫోన్‌లో తెరిచి పెట్టుకున్నాను గానీ, ఆ మాట టైప్ చెయ్యడానికి వేళ్ళు రాలేదు. ఆవిడ నా ముఖం చూశారు. అట్టముక్క మీద తన పేరు చూశారు. తరవాత అక్కడే, బ్యాగులు తోసుకుపోతున్న జనం మధ్య, నాకు నడుం వంచి నమస్కారం చేశారు. నేను అట్టముక్క కింద పడేసి ఆవిణ్ణి పట్టుకున్నాను. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా దారి పొడుగునా నేను ఆవిడకు తెలుగులోనే సారీ చెబుతూ కారు నడిపాను.

గదిలో నర్సు అన్నీ అలాగే ఉంచింది. అక్కగారు చెల్లెలి ముఖం వైపు ఒక్కసారి చూసి, మంచం చివరికి వెళ్ళి కూర్చున్నారు. దుప్పటి తీసి బూట్లు చూశారు. ముడి దగ్గర వేలు పెట్టి, ఎవరు కట్టారన్నట్టు తలెత్తారు. మా అమ్మాయి చెయ్యి ఎత్తింది. బాగా కట్టావన్నట్టు ఆవిడ తల ఊపారు. కుడి బూటు ముడి విప్పి, ఒక్కో రంధ్రంలోంచి లేసు వదులు చేసుకుంటూ వచ్చి, బూటు తీసి కింద పెట్టారు. తరవాత ఆ పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని, రెండు అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దడం మొదలుపెట్టారు. నర్సు వచ్చి వెళ్ళింది. కిటికీలో ఎండ గోడ మీదికి జరిగింది. ఆవిడ ఇంకా రుద్దుతూనే ఉన్నారు.