బంతి నువ్వే తేవాలి

నా చిన్నప్పుడు మా హైస్కూల్లో ఆడపిల్లలకి ఫుట్‌బాల్ జట్టు కడుతున్నారంటే ఊరంతా ముక్కున వేలేసుకుంది. కట్టింది మా లెక్కల మాష్టారు. బక్కపలచని మనిషి, మెడలో విజిల్, నోట్లో ఎప్పుడూ వక్కపలుకు. తరగతిలో నాకు లెక్క తప్పితే నవ్వి ఊరుకునేవారు గానీ, మైదానంలో మాత్రం యముడే అనుకోండి!

నన్ను గోల్ దగ్గర నిలబెట్టడానికి కారణం మా వరికుప్ప. కోతలయ్యాక నేను కుప్ప మీద నిలబడి, కింద నుంచి నాన్న విసిరిన వరికట్టల్ని ఒడిసి పట్టుకుంటుంటే, సైకిల్ మీద బొబ్బిలి వెళ్తున్న మాష్టారు చూశారు. సైకిల్ అక్కడే పడేసి వచ్చి, నన్ను జట్టులోకి పంపమని నాన్నని అడిగేశారు. నాన్నకి ఇష్టం లేదు. ఎదిగిన పిల్ల నలుగురిలో నిక్కరు వేసుకుని గెంతడమేమిటని ఆయన బాధ. మాష్టారు వదిలితేనా! చివరికి నాన్న, "ఒక్క ఆట సూస్తాను మాష్టారూ. జనం నవ్వినారంటే మరి పంపను," అన్నాడు.

మా మైదానంలో గోల్ అంటే రెండు వెదురు గుంజలు, వల లేదు. గోల్ పడిందంటే బంతి తిన్నగా వెనకున్న చెరకు తోటలోకి పోయేది. ఆ ఆకులు రాసుకుని చేతులు భగ్గుమనేవి. తోటి పిల్లలు తెస్తామన్నా మాష్టారు ఒప్పుకునేవారు కాదు. "ఒసే, నువ్వొదిలిన బంతి నువ్వే తేవాల. తెచ్చి నడిమిని నువ్వే పెట్టాల. ఏడుపు ఆ తరవాత!" అని కేకేసేవారు. తల దించుకుని నడిచానా, మళ్ళీ మొదటికి పంపేవారు. ఈయనకి నామీద ఏం కక్షో అని లోలోపల ఎంత తిట్టుకున్నానో! కానీ అంతదూరం వెళ్ళి బంతి పెట్టి వచ్చేసరికి ఏడవాలన్న సంగతే మరిచిపోయేదాన్ని.

ఆట రోజు రానే వచ్చింది. కొత్తవలస నుంచి వచ్చిన పిల్లలకి బూట్లున్నాయి, మావి ఒట్టి కాళ్ళు. అబ్బో, ఏం జనం! చెరకు బళ్ళెక్కి కూడా చూస్తున్నారు. నాన్న సరిగ్గా నా గోల్ వెనకే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మొదటి బంతి ఎగిరి పట్టాను. రెండోది పిడికిలితో గుద్ది బయటకి పంపాను. ఈలలే ఈలలు! ఇంక నన్ను పట్టేవాళ్ళు లేరనుకున్నాను.

అప్పుడొచ్చింది చూడండి, ఒక చచ్చు బంతి. మెల్లగా దొర్లుకుంటూ వచ్చింది. వంగి అందుకోబోయేలోగా నా రెండు కాళ్ళ మధ్యనుంచి జారి లోపలికి పోయింది. మైదానమంతా గొల్లుమంది. ఎవడో "గేటు ముయ్యే పిల్లా!" అని అరిచాడు, మళ్ళీ నవ్వులు. అయిపోయింది, ఇదే నా ఆఖరి ఆట అనుకున్నాను.

వెనక్కి తిరిగితే బంతి నాన్న కాళ్ళ దగ్గర ఆగి ఉంది. గీత అవతల మాష్టారు కేకెయ్యలేదు, ఊరికే నన్నే చూస్తున్నారు. ఏడుపు వస్తున్నా, అలవాటు కొద్దీ కాళ్ళు బంతి వైపే నడిచాయి. తల మాత్రం దించలేదు. దగ్గరకెళ్ళి ఆగిపోయాను. నాన్న వంగి బంతి తీశాడు. తువ్వాలుతో దుమ్ము దులిపి నా చేతిలో పెట్టాడు.

"అలా నిలబడిపోనావేటి? ఒట్టుకెల్లి పెట్టు!"

అంతే! బంతిని గుండెకి హత్తుకుని, అంతమంది ముందూ మైదానం మధ్యదాకా పరిగెత్తాను. నేను తిరిగొచ్చేసరికి నవ్వినవాళ్ళే చప్పట్లు కొడుతున్నారు. ఆ తర్వాత ఒక్క బంతిని పోనిస్తే ఒట్టు! ఆ ఒక్క గోల్‌తోనే ఓడిపోయాం. మాష్టారు మాత్రం గెలిచినవాళ్ళకంటే ఎక్కువ గెంతారు.

ఇంటికి వెళ్ళేటప్పుడు నాన్న సైకిల్ వెనక బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను. జనం నవ్వారు కదా, ఇంక పంపనంటాడని భయం. ఊరు దగ్గర పడ్డాక నాన్న వెనక్కి తిరక్కుండానే, "మల్లీ ఆట ఎప్పుడన్నారే మీ మాష్టారు?" అని అడిగాడు.

మాష్టారు ఇప్పుడు లేరు. నాకు మనవలున్నారు. ఇప్పటికీ ఏదైనా చెయ్యి జారిందంటే, ఎవరు నవ్వుతున్నారో తర్వాత చూసుకుంటాను. ముందు వెళ్ళి నా బంతి నేను తెచ్చుకుంటాను.