బడి గంట కొట్టినంక

నాకు యాభై దాటాక అక్షరాలు వచ్చాయి. సాలెవాడలో ఆడవాళ్లకు సాయంత్రం పూట చదువు చెబుతున్నారంటే, పని తక్కువున్న రోజుల్లో వెళ్లి కూర్చున్నాను. రాట్నం తిప్పిన చేతిలో బలపం నిలిచేది కాదు. ఎవరి సాయమూ లేకుండా నేను మొదట చదివింది ఒక ఇంటి గోడ మీది మాట: "ఇల్లు కిరాయికి ఇవ్వబడును." దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. మేము ఇల్లు వెతికిన రోజుల్లో గోడలు ఏమీ చెప్పేవి కావు. తలుపు తట్టి, నోరు తెరిచి అడగాల్సిందే.

అక్షరాలు వచ్చాక కూడా ఇది రాయలేదు. అప్పటికి మాకు ఇల్లు కిరాయికిచ్చిన ఆమె ఇంకా బతికే ఉంది, అదే ఇంట్లో ఉంది. ఎవరైనా ఇది చదివి వినిపిస్తే ఆమెకు ఆ ఇంట్లో మళ్లీ కంటి మీద కునుకు ఉండేది కాదు. పోయిన చలికాలం ఆమె పోయింది. కొన్నవాళ్లు ఆ ఇంటిని పడగొట్టి మేడ కడుతున్నారు. ఇక రాయవచ్చు.

నిజాం రాజ్యం పోయి కొన్నేళ్లయింది. ఆంధ్రప్రదేశ్ అనే మాట ఇంకా కొత్తగా ఉంది. ఊళ్లో నూలు దొరకడం కష్టమైంది. కరీంనగర్‌లో ఉండే నేతవాళ్లకైతే అక్కడి సావుకారి నూలిచ్చి బట్ట తీసుకుంటున్నాడని విన్నాం. అదే ఏడు వానలకు మా ఇంటి పైకప్పు కూలింది. ఇక ఊళ్లో ఉండి చేసేది లేక నేను, నా భర్త, మా అత్త ముగ్గురం కరీంనగర్‌కు బయలుదేరాం. నాకు పుట్టిన పిల్లలు నిలవలేదు. మా సంసారమంటే మేం ముగ్గురం, విప్పి కట్టిన మగ్గం.

పట్నంలో ప్రతి గడప ముందూ అవే ప్రశ్నలు. మొదట కులం. తర్వాత, "మగ్గమా? గుంట తవ్వుతరా?" మాది గుంట మగ్గం. నేలలో గుంట తవ్వి, అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వదిలి తొక్కుతూ నేయాలి. నట్టింట్లో గుంట అనగానే సగం మంది తలుపు వేసేవాళ్లు. మిగిలిన సగం మంది మా అత్త వైపు చూసేవాళ్లు.

"ఈ ముసలామె గూడ మీతోనే ఉంటదా?" అని ఒకాయన అడిగాడు.

"లేదు బిడ్డా," అంది మా అత్త, "నన్ను అమ్మనీకి తెచ్చిన్రు. కొంటవా?"

ఆ తలుపు కూడా మూసుకుంది. నా భర్తకు కోపం వచ్చింది. "అవ్వా, జర నోరు మూసుకో. నీ నోటితోటి మనకు ఇల్లు దొరకది."

"నోరు మూసుకుంటె సచ్చిందనుకుంటరు కొడుకా. గప్పుడు అసలే ఇయ్యరు."

చివరికి బడి వెనక సందులో ఒక విధవరాలు ఒప్పుకుంది. ముందు భాగంలో ఆమె ఒక్కతే ఉండేది. వెనక మాకు ఒక అర్ర, ఒకటే గది, దానికి ఆనుకుని చూరు, ఇంత పెరడు. రెండింటికీ నడుమ ఒకే గోడ. మమ్మల్ని నిలబెట్టే మాట్లాడింది.

"గుంట తవ్వుకోన్రి. పొయ్యేటప్పుడు పూడ్సి, అలికి పోవాలె. ఇంకో మాట. ముసలామెకు పానం మీదికి అస్తే మీ ఊరికి కొంటవోవాలె. నా ఇంట్ల మాత్రం పానం పోవద్దు."

నా భర్త "అట్లనే అమ్మా" అన్నాడు. అప్పుడు మా అత్త గట్టిగానే ఉంది. ఆ మాట మోయాల్సి వస్తుందని అతను అనుకోలేదు. అత్త మాత్రం ఇంటామెను ఎగాదిగా చూసి, "మంచిది బిడ్డా. పొయ్యేముందు నిన్ను అడిగే పోత," అంది.

తవ్విన మన్ను పెరట్లో కుప్ప పోశాం. అత్త ఆ కుప్ప మీద బీర గింజలు పెట్టింది. "పరాయోళ్ల జాగల గింజలెందుకు?" అని నేనంటే, "మన్ను మన గుంటది. కాయ మనదే," అంది.

ఆ ఇంట్లో ఎండ పడేది కాదు. వానకాలం గుంటలో ఊట వచ్చేది. నా భర్త కాళ్ల కింద గోనె వేసుకుని నేసేవాడు. సాయంత్రానికి పాదాలు తెల్లగా నానిపోయి, వేళ్ల సందులు పగిలేవి. అత్త మూల కూర్చుని నూలు కండెలు చుట్టేది. పొద్దున లేస్తే మగ్గం చప్పుడు, పొద్దుగూకేదాకా అదే. గోడకవతల ఇంటామె దానికి అలవాటు పడింది. "మీ సప్పుడు ఇనవడ్డంక గని నాకు పొయ్యి ముట్టియ్య బుద్ధి కాదు," అని ఒకసారి నాతో అంది. ఆమె మాతో మంచిగా మాట్లాడింది అంతవరకే.

మూడో వానకాలం అత్త పడుకుంది. కాళ్లు వాచాయి. దగ్గు వస్తే ఆగేది కాదు. దగ్గు వచ్చినప్పుడల్లా నా భర్త ఇంకా గట్టిగా మగ్గం కొట్టేవాడు, గోడకవతల వినపడకుండా. ఎంతకని దాగుతుంది? ఇంటామె బీరకాయలు చూసే నెపంతో రోజూ పెరట్లోకి వచ్చి, లోపలికి తొంగి చూసేది.

"ఏం ముసలవ్వా, ఎట్లున్నవు?"

"బతికే ఉన్న బిడ్డా. చూస్కో, లెక్కకు సరిపోయిన్నా?"

"గట్ల కాదు, ఊరికే అడుగుతున్న."

"ఫికర్ జెయ్యకు. మంచి నచ్చత్రం చూసుకునే పోత తియ్యి."

ఆమె నవ్వలేదు. ఒకనాడు పెరట్లో నన్ను ఆపి చెప్పింది. ఆమె భర్త ఆ ఇంట్లోనే పోయాడు. పంచాంగంలో కొన్ని నక్షత్రాలున్నాయి. వాటిలో ప్రాణం పోతే ఇంటిని పాడుపెట్టాలి, నెలల తరబడి తాళం వేసి అందరూ బయటికి పోవాలి. ఆయన అలాంటి నక్షత్రంలో పోయాడు.

"ఆర్నెల్లు మా మరిది ఇంటి సాయబాన్ల, బయట బర్ల పక్కన పడుకున్న," అంది. "వాళ్ల కోడండ్లు నాకు గిన్నె గూడ ఏరే పెట్టిన్రు. గప్పుడంటే మరిది ఉండె. ఇప్పుడు ఆయన లేడు. మల్ల గట్లయితే నేనెక్కడికి పోవాలె పిల్లా? చెప్పు."

మేము ఎక్కడికి పోవాలో కూడా నాకు తెలియదు.

కొన్ని రోజులకు ఆమె పంచాంగం చూసే అయ్యగారి దగ్గరికి పోయి వచ్చి, వాకిట్లో నిలబడి నా భర్తను పిలిచింది. "గా నచ్చత్రాలు నడుస్తున్నయట. ఇగ నేను ఓర్వ. మాట ఇచ్చినవు. మీ ఊరికి కొంటవో."

ఊళ్లో మా ఇంటికి గోడలే మిగిలాయి. పాలివాళ్లు, అంటే మా దాయాదులు, పశువుల కొట్టంలో కాస్త చోటు ఇస్తామన్నారు. బండి కూడా వాళ్లదే. దాన్ని తోలుకు రావడానికి నా భర్త మరునాడు తెల్లవారుతుండగా నడుచుకుంటూ ఊరికి బయలుదేరాడు. అప్పటికే ముసురు పట్టి ఉంది.

గడప దాటుతుంటే అత్త పిలిచింది. "కొడకా, నేను బండి ఎక్క. తొవ్వల పోత. కుక్క సావు సత్త. మగ్గం పక్కకు పండనియ్యి నన్ను."

అతను వెనక్కి తిరగకుండా, "మాట ఇచ్చిన అవ్వా," అని వెళ్లిపోయాడు.

పొద్దెక్కాక ఆమెకు ఇంత గంజి పట్టించాను. రెండు గుక్కలు లోపలికి పోయాయి. మిగిలింది చెంప మీదుగా కారింది. ఊపిరి పైపైనే ఆడుతోంది. మధ్యాహ్నం దాటాక కళ్లు తెరిచి మగ్గం వైపు చూసింది.

"సప్పుడు లేదేంది?"

"ఆయన బండికి పోయిండు గద అత్తా."

"సప్పుడు లేకుంటె ఆమె లోపటికి అస్తది. నువ్వు నడిపియ్యి."

"నాకు మంచిగ రాదు."

"మంచిగ రావాల్నని ఎవలన్నరు? సప్పుడు గావాలె. జర సేపు నన్ను గిట్ల పండనియ్యి బిడ్డా."

నేను గుంటలో దిగాను. నీళ్లు చీలమండల దాకా వచ్చాయి. మా ఇళ్లలో ఆడవాళ్లం కండెలు చుడతాం, పడుగుకు ఆసు పోస్తాం, నూలుకు గంజి పెడతాం. మగ్గం మీద కూర్చునేది మగవాళ్లే. నూలు కండె పెట్టిన నాడె ఒక వైపు విసిరితే రెండో వైపుకు చేరేది కాదు. పోగులు తెగుతుంటే ముడి వేయకుండానే కొట్టుకుంటూ పోయాను.

కాసేపటికి తిరిగి చూస్తే అత్త చెయ్యి చాప మీదికి జారి ఉంది. లేచి వెళ్లి ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఊపిరి లేదు. కళ్లు మూశాను. మెడదాకా దుప్పటి కప్పాను. ఏడిస్తే గోడకవతలికి వినపడుతుంది. ఏ ఇంట్లోనైనా చావు జరిగితే మగ్గం ఆగుతుంది, అది మా ఆచారం. నేను మళ్లీ గుంటలో దిగాను. కాసేపు పడుకోనివ్వమంది. ఊపిరి పోయినంత మాత్రాన ఆ కోరిక పోతుందా?

నేస్తూనే ఉన్నాను. నేస్తుండగా బడి గంట కొట్టారు. పిల్లలు నీళ్ల గుంటల్లో దూకుతూ సందంతా కేకలు పెడుతూ వెళ్లారు. వాళ్ల చప్పుడు పోయాక నా మగ్గం చప్పుడు నాకే వింతగా వినిపించింది. గోడకవతల మనిషికి ఇంకెంత వింతగా ఉండాలి!

ఇంటామె తలుపు తోసింది. "గిదేం సప్పుడే? మగనిది గాదు. ఎవలు నేస్తున్నరు?" అంటూనే లోపలికి చూసింది. అత్త ముఖం చూసింది. తలమీద కొంగు కూడా వేసుకోకుండా వానలోకి పరుగెత్తింది.

అయ్యగారి ఇల్లు సందు చివరే. ఆమె తిరిగి వచ్చేసరికి నేను గుంటలోంచి ఇంకా లేవలేదు. ఆమె వచ్చి నా పక్కన నేల మీద కూలబడి, నా రెండు చేతులూ పట్టుకుంది. అంతకు ముందు ఆమె చీర అంచు కూడా మాకు తగలనిచ్చేది కాదు.

"బడి గంట కొట్టకముందు పోతే దోషమట. ఇల్లు ఆర్నెల్లు పాడువెట్టాల్నట. గంట కొట్టినంక పోతే ఏం లేదట, నచ్చత్రం మారిందట. చెప్పు పిల్లా, నీ కాల్మొక్కుత. ఎప్పుడు పోయింది?"

ఇల్లు పోతుందంటే మనిషి ముఖం ఎలా ఉంటుందో ఆ వానకాలమంతా నా భర్త ముఖంలో చూశాను. ఇప్పుడు ఈమె ముఖంలో చూస్తున్నాను. అత్త వైపు చూశాను. మంచి నక్షత్రం చూసుకునే పోతానని ఈమెకు చెప్పింది.

"బడి గంట కొట్టినంక," అన్నాను.

ఆమె రెండోసారి అడగలేదు. అడగడానికి భయపడిందేమో. నా చేతులు వదిలి, తన చేతులు కొంగుకు తుడుచుకుంది. లేచి నిలబడ్డాక గొంతు మామూలైంది.

"అయితే ఇగ బయటికి తియ్యున్రి. ఇంట్ల ఉంచొద్దు. రేపు గుంట పూడ్సి ఖాళీ చెయ్యున్రి."

ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఇద్దరు వచ్చారు. ముగ్గురం కలిసి అత్తను చాపతో సహా చూరు కిందికి చేర్చాం. చూరు నీళ్లు కాళ్ల మీద పడుతుంటే గోనె అడ్డం పెట్టాను. అప్పుడు ఏడ్చాను.

పొద్దుగూకకముందే బండి వచ్చింది. నా భర్త బండిలో మెత్తగా గడ్డి పరిచాడు. వాన పడకుండా వెదురు బద్దలు వంచి గొంగడి కప్పాడు. తల్లిని పడుకోబెట్టి తీసుకుపోవడానికి. సందు మొదట్లోంచే చూరు కింద చూసినట్టున్నాడు, ఎద్దులను ఆపాడు. తర్వాత దిగి, నడిచి వచ్చాడు.

ఎప్పుడు పోయిందని అతను అడగలేదు. "ఎక్కడ పోయింది?" అన్నాడు.

"ఇంట్లనే. మగ్గం పక్కకు."

తల వంచుకున్నాడు. దుప్పటి కోసం లోపలికి పోయి, ఎంతకూ రాకపోతే నేనూ వెళ్లాను. మగ్గం ముందు వంగి, తను నేసిన బిగువు బట్ట ఎక్కడ ఆగిందో, నా వదులు బట్ట ఎక్కడ మొదలైందో అక్కడ వేలు పెట్టి ఉన్నాడు. అక్కడినుంచి జానతో కొలుస్తూ వచ్చాడు. గంట కొట్టినంక పోయిందని ఇరుగుపొరుగువాళ్లు అతనికి చెప్పే ఉంటారు. ఆ బట్ట గంట కొట్టకముందు నుంచీ నేసింది. రాని చేతికి అంత బట్ట నేయడానికి ఎంతసేపు పడుతుందో నేతవాడికి ఎవరూ చెప్పనక్కరలేదు. ప్రాణం పోతున్న తల్లిని వదిలి నేను అంతసేపు నేస్తూ కూర్చోనని కూడా అతనికి తెలుసు. నా ముఖంలోకి చూశాడు. బట్టను మగ్గం దోనె కర్రకు చుట్టేసి, దుప్పటి తీసుకుని బయటికి పోయాడు. ఆ సంగతి మేమిద్దరం బతుకంతా మాట్లాడుకోలేదు.

ఆ గడ్డి మీదనే అత్తను మానేరు నది ఒడ్డుకు తీసుకుపోయారు. తడి కట్టెలు అంటుకోవడానికి చాలాసేపు పట్టిందట.

మరునాడు పొద్దున వాన వెలిసింది. నా భర్త మగ్గం విప్పి బండికి ఎక్కిస్తున్నాడు. మైల తీరేదాకా సాలెవాడలో ఒకరు తమ సాయబానులో ఉండనిస్తామన్నారు. నేను పార తీసుకుని పెరట్లోకి పోయాను. మన్ను కుప్పంతా బీరతీగ అల్లుకుని ఉంది. వేలెడంత పిందెలు నాలుగైదు వేలాడుతున్నాయి. తీగను మొదలంటా పీకి గోడ మీద వేశాను. గుంటలో నీళ్లు ముంతతో తోడి పోశాను. తర్వాత గంపకెత్తి గంపకెత్తి, ఆ మన్నంతా తెచ్చి గుంటలో నింపి, ఎక్కి తొక్కాను. ఇంటామె గడపలో నిలబడి చూస్తోంది.

"నడుమిట్ల జర కుంగింది," అంది.

ఇంకో గంప తెచ్చి పోసి, తొక్కి, పేడతో అలికాను.